ఐపీఎఫ్ ఉన్న ఊపిరితిత్తిలో క్యాన్సర్: ఏ చికిత్స, ఎంతవరకు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్లుగా ఐపీఎఫ్, అంటే ఇడియోపతిక్ పల్మొనరీ ఫైబ్రోసిస్ ఉంది, ఫైబ్రోసిస్ ముదిరే వేగాన్ని తగ్గించే పిర్ఫెనిడోన్ వాడుతున్నారు. ఏడాదికోసారి తీయించే సీటీ స్కాన్‌లో ఈసారి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 2.3 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ అని తేలింది. ఒక డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు రేడియేషన్ అన్నారు, మూడో ఆయన ఈ ఊపిరితిత్తులతో ఏదీ ముట్టుకోకపోవడమే మంచిదన్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదని రాశారు.

ఊపిరితిత్తుల డాక్టరుగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పేషెంట్లను చూస్తున్నాను. ఆ ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదనే అనుకుంటున్నాను. ఆపరేషన్ అన్నాయన గడ్డను చూసి చెప్పారు. వద్దన్నాయన ఫైబ్రోసిస్‌ను చూసి చెప్పారు. రెండు జబ్బులనూ పక్కపక్కన పెట్టుకుని, ఏది ఎంత వేగంగా ముదురుతోంది, చికిత్సను ఈ ఊపిరితిత్తులు ఎంతవరకు తట్టుకుంటాయి అని లెక్కవేసి చెప్పిన మాట ఇంకా మీకు అందలేదు. దానికి కావలసిన పరీక్షలు కూడా సగమే అయినట్టున్నాయి.

ముందు ఐపీఎఫ్ గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఈ జబ్బులో ఊపిరితిత్తులు మెల్లగా మచ్చకట్టి గట్టిపడతాయి. వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమంటే వెల్క్రో పట్టీని ఊడదీస్తున్నట్టు చిరచిర వినిపిస్తుంది. సీటీలో ఆ భాగం తేనెపట్టులా చిన్న చిన్న గదులుగా కనబడుతుంది, రిపోర్టులో హనీకోంబింగ్ అని రాసేది దాన్నే. ఐపీఎఫ్ ఉన్నవారిలో వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా ఆ మచ్చల పక్కనే, కింది భాగాల్లో, అంచుల దగ్గర మొదలవుతాయి. స్క్వామస్ రకం వీరిలో ఎక్కువ. నాన్నగారికి గడ్డ ఉన్న చోటూ, దాని రకమూ రెండూ అలాగే ఉన్నాయి. వయసు, పొగ అలవాటు రెండు జబ్బులకూ దోహదం చేసేవే. వాటిని పక్కనపెట్టి చూసినా ఐపీఎఫ్ ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. "మందులు ఒక్కరోజు కూడా మానలేదు, అయినా ఎందుకొచ్చింది, మా వైపు ఏం పొరపాటు జరిగింది" అని రాశారు. మీ వైపు ఏ పొరపాటూ లేదండీ. క్రమం తప్పకుండా స్కాన్ చేయించబట్టే 2.3 దగ్గర దొరికింది. చాలామంది ఆయాసాన్ని అంతా ఫైబ్రోసిస్ ఖాతాలో వేసుకుని, గడ్డ బాగా పెరిగాక వస్తారు.

ఇప్పుడు అసలు భయం గురించి. ఐపీఎఫ్ ఉన్నవారికి క్యాన్సర్ చికిత్స చేసేటప్పుడు మేం భయపడేది అక్యూట్ ఎగ్జాసర్‌బేషన్‌కి. ఫైబ్రోసిస్ ఉన్నట్టుండి విజృంభించడం అన్నమాట. నెల రోజుల లోపే, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే ఆయాసం బాగా పెరిగిపోతుంది. సీటీ తీస్తే పాత మచ్చల మీదకు కొత్తగా రెండు వైపులా పొగమంచు కమ్మినట్టు నీడలు కనిపిస్తాయి. గుండె బలహీనపడో, ఒంట్లో నీరు చేరో వచ్చిందని చెప్పడానికి వీలుండదు. ఇలా ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు సగం మంది దక్కరు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఇస్తాం, కానీ వాటితో తప్పక తగ్గుతుందని చెప్పగలిగే గట్టి ఆధారం లేదు. ఇది ఏ చికిత్సా లేకుండా దానంతట అదే కూడా రావచ్చు. ఆపరేషన్, రేడియేషన్, కీమో, ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ, ఆఖరికి బయాప్సీ కూడా దీన్ని రేపగలవు. అందుకే వీరి విషయంలో క్యాన్సర్‌కు ఏ చికిత్స బాగా పనిచేస్తుందన్న ప్రశ్నతో పాటు, ఏది ఈ విజృంభణను రేపే అవకాశం తక్కువన్న ప్రశ్న కూడా అంతే గట్టిగా అడగాలి.

మీరు పంపిన వివరాల్లో పెట్ స్కాన్ గురించి ఒక వాక్యం నన్ను ఆపింది. చురుగ్గా ఉన్న కణాలను వెలుగుగా చూపించే ఆ స్కాన్‌లో ఛాతీ మధ్యలో రెండు లింఫ్ గ్రంథులు మెరిశాయి కాబట్టి మూడో స్టేజీ కావచ్చని రాశారు. దయచేసి ఈ ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోకండి. ఐపీఎఫ్ ఉన్నవారిలో క్యాన్సర్ లేకపోయినా ఆ గ్రంథులు ఉబ్బి ఉంటాయి, పెట్‌లో కాస్త మెరుస్తాయి. మచ్చ ఉన్న ఊపిరితిత్తి కూడా మెరుస్తుంది. నా దగ్గరకు ఒకాయన సరిగ్గా ఇలాగే వచ్చారు. పెట్ చూసి మూడో స్టేజీ అని రాసేశారు, కీమోకు తేదీ కూడా ఇచ్చేశారు. ఈబస్ అనే పద్ధతి ఉంది, శ్వాసనాళంలోకి గొట్టం వేసి, దాని చివరున్న అల్ట్రాసౌండ్‌లో గ్రంథిని చూస్తూ సన్నని సూదితో ముక్క తీస్తారు. అది చేయించాం. మూడు గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణం ఒక్కటి లేదు. మూడో స్టేజీ అనుకున్నది మొదటి స్టేజీ అయింది, చికిత్స దారే మారిపోయింది. నాన్నగారికి కూడా స్టేజీ తేల్చే ముందు ఈబస్ వీలవుతుందేమో తప్పక అడగండి.

రెండోది శ్వాస పరీక్ష. ఎఫ్‌వీసీ, అంటే గట్టిగా పీల్చి పూర్తిగా ఊదగలిగే గాలి కొలత, 84 శాతం వచ్చింది, కాబట్టి ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారట. నాన్నగారు ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చారని కూడా మీరే రాశారు. అలాంటివారిలో పైభాగంలో ఎంఫిసీమా (గాలి గదులు పాడై ఉబ్బిపోయే జబ్బు), కింది భాగంలో ఫైబ్రోసిస్ రెండూ కలిసి ఉండటం మామూలే. ఎంఫిసీమా ఊపిరితిత్తిని ఉబ్బిస్తుంది, ఫైబ్రోసిస్ కుదిస్తుంది. ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కప్పేసి, గాలి కొలత చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. డీఎల్‌సీఓ అనే పరీక్ష మాత్రం దాచదు. గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో అది చెబుతుంది, రెండు జబ్బులూ దాన్ని కిందికే లాగుతాయి. ఎఫ్‌వీసీ 84 ఉండి డీఎల్‌సీఓ 38 ఉన్నవాళ్లను చూశాను. ఆ రెండో అంకె మీ రిపోర్టుల్లో ఎక్కడా లేదు. అది లేకుండా ఆపరేషన్ గురించి అవుననీ కాదనీ చెప్పడం సాధ్యం కాదు.

మూడోది ఆరు నిమిషాల నడక పరీక్ష. చూడ్డానికి చాలా మామూలు పరీక్ష, కానీ నాకు దీనిమీద గురి ఎక్కువ. పొడవాటి వరండాలో రెండు గుర్తులు పెట్టి, వేలికి ఆక్సీమీటర్ తగిలించి, అటూ ఇటూ నడవమంటాం. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చున్నప్పుడు 96 చూపించింది. మూడో చుట్టుకి 89. నాలుగో నిమిషానికి 83. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు, పెదవులు నల్లబడుతున్నాయి, అయినా "నాకేం ఆయాసం లేదండీ, మోకాళ్లే కొంచెం" అన్నారు. కూర్చోబెట్టి మాత్రమే చూసుంటే ఆయన్ని ఆపరేషన్‌కి పంపించేవాళ్లం. ఇలాంటి జబ్బు మెల్లగా వస్తుంది కాబట్టి మనిషి తెలియకుండానే నడక తగ్గించుకుంటాడు, తనకు ఆయాసం లేదనే నమ్ముతాడు. అందుకే నాన్నగారు "నేను బాగానే ఉన్నా" అన్నా సరే, ఈ పరీక్ష చేయించండి.

ఈ మూడూ చేతికొచ్చాక చికిత్స సంగతి. మొదటి స్టేజీ క్యాన్సర్‌ను పూర్తిగా తీసేయడానికి ఆపరేషనే బలమైన దారి, ఐపీఎఫ్ ఉన్నంత మాత్రాన అది మూసుకుపోదు. జపాన్‌లో 61 ఆసుపత్రుల నుంచి ఇలాంటి ఫైబ్రోసిస్ జబ్బులుండి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 1,763 మంది వివరాలు సేకరించి 2014లో ప్రచురించారు. వారిలో 9.3 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఫైబ్రోసిస్ విజృంభించింది. అలా విజృంభించినవారిలో 43.9 శాతం మంది చనిపోయారు. అంటే వందమందికి ఆపరేషన్ చేస్తే సుమారు తొమ్మిది మందికి ఈ ప్రమాదం, అందులో నలుగురు దక్కలేదు. ఈ అంకె అందరికీ ఒకేలా వర్తించదు. మగవారికి, ఇంతకుముందు ఒకసారి విజృంభించినవారికి, ముందునుంచి స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, సీటీలో ఐపీఎఫ్ తరహా మచ్చలు స్పష్టంగా ఉన్నవారికి, ఊపిరి సామర్థ్యం 80 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి, ఊపిరితిత్తి దెబ్బతింటే రక్తంలో పెరిగే కేఎల్-6 అనే పదార్థం ఎక్కువగా ఉన్నవారికి ప్రమాదం ఎక్కువని ఆ అధ్యయనమే చెప్పింది. ఎంత భాగం కోస్తారన్నది కూడా ముఖ్యమే. గడ్డ చుట్టూ చిన్న ముక్క మాత్రమే తీస్తే ప్రమాదం తక్కువ, మొత్తం లోబ్ (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) తీస్తే ఎక్కువ. చిన్న ముక్క తీస్తే క్యాన్సర్ మళ్లీ అక్కడే వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. ఈ బేరీజు సర్జన్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

మత్తు డాక్టరుగారిని కూడా ముందే కలవండి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఒక ఊపిరితిత్తిని ఆపి రెండోదానితోనే శ్వాస నడిపిస్తారు. ఆ రెండోది కూడా మచ్చకట్టినదే కదా. దానిలోకి పెద్ద పెద్ద ఊపిరులు తోసినా, అవసరానికి మించి ఆక్సిజన్ ఇచ్చినా, సెలైన్ ఎక్కువ ఎక్కించినా దెబ్బతినేది అదే. ఆపరేషన్ తర్వాత ముదిరే నీడలు ఒక్కోసారి కోసిన వైపు కంటే కోయని వైపే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక రేడియేషన్. మీరు విన్నది ఎస్‌బీఆర్‌టీ అనుకుంటాను. ఆరు వారాలు రోజూ ఇచ్చే పాత పద్ధతి వేరు, ఇది వేరు. గడ్డ మీదే గురిపెట్టి, కొద్ది సిట్టింగుల్లో ఎక్కువ డోసు ఇచ్చి ముగిస్తారు. ఫైబ్రోసిస్ ఉన్నవారిలో దీన్ని ప్రత్యేకంగా పరీక్షించిన ఆస్పైర్-ఐఎల్‌డీ అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. 39 మందికి రోజు విడిచి రోజు ఐదు సిట్టింగుల్లో మొత్తం 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు. ఏడాది తర్వాత 79 శాతం మంది జీవించి ఉన్నారు, చాలామందిలో గడ్డ అదుపులోనే ఉంది. ముగ్గురు మాత్రం చికిత్స వల్ల శ్వాస దెబ్బతిని చనిపోయారు. చిన్న అధ్యయనమే, కానీ ఇలాంటివారిని తీసుకునే ధైర్యం చేసింది కాబట్టి నాకు దానిమీద గౌరవం. కోత ఉండదు కాబట్టి రేడియేషన్‌కు ఏ ప్రమాదమూ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకో సంగతి, రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి వాచేది వెంటనే కాదు, నెల నుంచి ఆరు నెలల మధ్యలో. అప్పటికి ఇంట్లోవాళ్లు చికిత్స సంగతే మరిచిపోయి ఉంటారు, దగ్గూ జ్వరం వస్తే మామూలు నిమ్ము అనుకుని యాంటీబయాటిక్స్‌తో రెండు వారాలు గడిపేస్తారు. అలా ఆలస్యమైన కేసులు చూశాను.

నాన్నగారి విషయంలో నా మొగ్గు ఎటో అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. గ్రంథుల్లో క్యాన్సర్ లేదని తేలి, డీఎల్‌సీఓ 60కి పైన ఉండి, నడకలో ఆక్సిజన్ 90 కిందికి పోకపోతే, ఇలాంటి పేషెంట్లకు తరచూ చేసే సర్జన్ దగ్గర కీహోల్ పద్ధతిలో వీలైనంత తక్కువ భాగం తీయించే ఆపరేషన్ ఆలోచిస్తాను. డీఎల్‌సీఓ 40 కంటే తక్కువ ఉంటే ఆపరేషన్ మాట నేనైతే తీసుకురాను. మధ్యలో ఉంటే ఎస్‌బీఆర్‌టీ వైపే వెళ్తాను. కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ అవసరమయ్యే స్థితి ఉంటే, మూడో డాక్టరుగారు చెప్పినట్టు గడ్డను ముట్టుకోకుండా ఉండటం కూడా సరైన నిర్ణయమే అవుతుంది. అప్పుడు వదిలేయడం అని అర్థం చేసుకోకండి. ఆయాసానికి చిన్న మోతాదు మార్ఫిన్, ఇంటి దగ్గర ఆక్సిజన్, శ్వాస వ్యాయామాలు, నొప్పి రాకుండా చూసుకోవడం, ఇవన్నీ చికిత్సే. ఇలా బాధలు తగ్గించే వైద్యం చేసే పాలియేటివ్ కేర్ డాక్టరుగారిని ఏ దారి ఎంచుకున్నా మొదటి నుంచే కలుపుకోండి.

క్యాన్సర్ నిజంగానే పాకి ఉంటే మందుల సంగతి వస్తుంది. ఫైబ్రోసిస్ ఉన్నవారికి కీమో మందుల్లో కార్బోప్లాటిన్‌తో వారంవారం ఇచ్చే నాబ్-పాక్లిటాక్సెల్‌ను చాలామంది ముందుగా ఎంచుకుంటారు, విజృంభణ తక్కువ కనిపించినందువల్ల. దీనికి నింటెడనిబ్ అనే ఫైబ్రోసిస్ మందు కలిపితే విజృంభణ ఇంకా తగ్గుతుందా అని జపాన్‌లో 243 మందితో జే-సోనిక్ పరీక్ష చేశారు. ప్రధానంగా ఆశించిన మేలు నిరూపణ కాలేదు. డోసిటాక్సెల్, జెమ్‌సిటాబిన్, ఇరినోటికాన్ లాంటివి రాసిస్తే మాత్రం "ఫైబ్రోసిస్ ఉంది, తెలుసు కదండీ" అని ఒకసారి గుర్తుచేయండి. గెఫిటినిబ్ లాంటి ఈజీఎఫ్ఆర్ మాత్రలకు (క్యాన్సర్ కణాల్లోని ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునేవి) కూడా ఇదే జాగ్రత్త. 2002లో జపాన్‌లో గెఫిటినిబ్ మార్కెట్లోకి వచ్చిన కొద్ది నెలల్లోనే ఊపిరితిత్తులు వాచి ఎంతోమంది చనిపోయారు. ముందునుంచి ఫైబ్రోసిస్ ఉన్నవారికే ఆ ప్రమాదం ఎక్కువని ఆ తర్వాత తేలింది.

ఇమ్యునోథెరపీ గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు, పేపర్లలో చదివి ఆశ పెట్టుకుంటున్నారు. ఆ ఆశను చిన్నబుచ్చడం నాకిష్టం లేదు, కానీ ఇది చెప్పాలి. ఫైబ్రోసిస్ ఉన్న క్యాన్సర్ పేషెంట్లకు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి చూసిన ఒక జపాన్ పరీక్షను 17 మంది దగ్గరే ఆపేశారు. ఐదుగురికి ఊపిరితిత్తుల వాపు వచ్చింది, నలుగురికి తీవ్రంగా, ఒకరు చనిపోయారు. తేనెపట్టు మచ్చలు ఉన్నవారిలో సగం మందికి పైగా ఆ తీవ్రమైన వాపు వచ్చింది. ఫైబ్రోసిస్ తక్కువగా ఉన్న 18 మందికి అదే కోవకు చెందిన నివోలుమాబ్ ఇచ్చిన మరో చిన్న పరీక్షలో ఇద్దరికే, అదీ తేలికగా వచ్చింది. ఎవరి ఊపిరితిత్తి ఎంత పాడైందన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుందని నాకు ఈ రెండూ చెబుతున్నాయి. నాన్నగారి సీటీలో హనీకోంబింగ్ ఉందని రాసి ఉంది కాబట్టి, ఆ దశ వచ్చినా నేను ఆఖరి అస్త్రంగానే ఉంచుకుంటాను.

పిర్ఫెనిడోన్ ఆపమని ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఆపకండి, క్యాన్సర్ వచ్చిందని ఫైబ్రోసిస్ ఆగిపోదు. సిగరెట్ మళ్లీ మొదలుపెడితే ఈ మందు రక్తంలో నిలిచే మోతాదు తగ్గిపోతుంది, అది గుర్తుంచుకోండి. పిర్ఫెనిడోన్ బదులు నింటెడనిబ్ వాడుతున్నవారైతే ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పాలి, రక్తస్రావం, గాయం మానడం రెండింటి మీదా అది పనిచేస్తుంది. రోజూ వేసుకునే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఒకటి మీ జాబితాలో ఉంది, ఎందుకో రాయలేదు. ఐపీఎఫ్‌కు స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథియోప్రిన్ కలిపి వాడితే మేలు లేకపోగా మరణాలు పెరిగాయని 2012లోనే ప్రచురితమైంది. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అసలు ఎందుకు ఇస్తున్నారో అడిగి, అవసరం లేకపోతే మెల్లగా తగ్గించే పద్ధతి రాయించుకోండి. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి తేలడం మంచిది.

వేరే అరుదైన జబ్బులున్నవారు కూడా ఇది చదువుతుంటారు, వారికి రెండు మాటలు. లామ్ జబ్బుకు (ఎక్కువగా స్త్రీలకు వచ్చే, ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు ఏర్పడే జబ్బు) సిరోలిమస్ వాడుతున్న స్త్రీలకు ఆ మందే గాయం మాననివ్వదు, ఒక్కోసారి తనే ఊపిరితిత్తిని వాచేలా చేస్తుంది. బయాప్సీ సూదికి ఊపిరితిత్తి చిల్లుపడే భయమూ వారికి ఎక్కువ. సార్కాయిడోసిస్‌లో (గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో వాపు గడ్డలు కట్టే జబ్బు) గ్రంథులు పెట్‌లో బాగా మెరుస్తాయి, పైన చెప్పిన ఈబస్ మాట వారికి మరింత వర్తిస్తుంది. స్క్లెరోడెర్మా లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు వల్ల ఫైబ్రోసిస్ వచ్చినవారు రేడియేషన్, ఇమ్యునోథెరపీ రెండింటికీ ముందు రుమటాలజిస్ట్‌ను సంప్రదించాలి.

మీరు ముగ్గురు డాక్టర్లను విడివిడిగా కలిశారు. ఈసారి పల్మొనాలజిస్ట్, సర్జన్, రేడియేషన్ డాక్టర్, ఆంకాలజిస్ట్, సీటీ చదివే రేడియాలజిస్ట్ ఒకేచోట కూర్చుని కేసు చర్చించే ట్యూమర్ బోర్డు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఫైబ్రోసిస్ క్లినిక్ కూడా అక్కడే ఉంటే ఇంకా మంచిది. ఈబస్, డీఎల్‌సీఓ, నడక పరీక్ష, అన్నిటికీ కలిపి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఇంత చిన్న గడ్డ విషయంలో ఆ మాత్రం సమయం తీసుకోవచ్చు, టెన్షన్ పడి తొందరలో తేదీ వేయించుకోకండి. మీరు రాసిందంతా మీ భయం, అన్నయ్యగారి అభిప్రాయం, అమ్మగారి బాధ. నాన్నగారు ఏం కోరుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆయనకు క్యాన్సర్ సంగతి ఇంకా చెప్పలేదేమో అనిపించింది. చెప్పకుండా ఆపరేషన్ దాకా తీసుకెళ్లడం ఆయనకు అన్యాయం. వందలో నలుగురి అంకె విని ఒప్పుకునేవాళ్లూ ఉంటారు, వద్దనేవాళ్లూ ఉంటారు, అది ఆయన చెప్పాలి.

ఈలోగా ఇంట్లో ఆక్సీమీటర్ పెట్టుకుని పొద్దున, సాయంత్రం కూర్చున్నప్పుడు ఒకసారి, ఇంట్లో రెండు నిమిషాలు నడిచాక ఒకసారి అంకెలు రాసిపెట్టండి. నడిచాక వచ్చే అంకె మామూలుకంటే నాలుగైదు తగ్గినా, ఆయాసం రెండు మూడు రోజుల్లోనే పెరిగినా, జ్వరంతో దగ్గు ఎక్కువైనా ఆగకుండా వెళ్లి సీటీ తీయించండి. మామూలు ఎక్స్‌రేలో ఆ పొగమంచు మొదట్లో కనబడకపోవచ్చు. ఎక్కడికి వెళ్లినా రెండేళ్ల కిందటి మొదటి సీటీ సీడీని కూడా వెంట తీసుకెళ్లండి, ఉత్త రిపోర్టు కాగితం సరిపోదు. పాత బొమ్మ పక్కన పెట్టుకుంటేనే ఏ మచ్చ పాతదో, ఏ నీడ కొత్తదో చెప్పగలం.